బోరు, పాయింటు, కరెంటు: కమలాపురం పరిసరాలలో స్కూటర్ మరమ్మతు చరిత్ర, వృత్తిభాష

యంత్రాల చరిత్ర రాసేవారి చూపు సాధారణంగా ఆవిష్కర్త దగ్గర మొదలై కర్మాగారం గేటు దగ్గర ఆగుతుంది. గేటు దాటిన యంత్రం ఎవరి చేతుల్లో ఎన్నేళ్లు బతికింది, అందులో ఏ భాగం ఎన్నిసార్లు మారింది, మార్చినవాడు ఆ విద్యను ఎక్కడ నేర్చాడు అన్న ప్రశ్నలు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తాయి. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' ఈ ధోరణిని ప్రశ్నించింది. సాంకేతికత చరిత్రను ఆవిష్కరణ కోణం నుంచి గాక వాడకం, నిర్వహణ, మరమ్మతుల కోణం నుంచి చూడాలని అది వాదించింది. భారతదేశం విషయంలో డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో 'ఎవ్రీడే టెక్నాలజీ' గ్రంథంలో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యపు మిల్లు వంటి చిన్న యంత్రాలను చరిత్రలోకి తీసుకువచ్చాడు. అక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు వేస్తే స్కూటర్ వస్తుంది.

తెలుగులో ఈ పనికి ఒక బలమైన పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది. ఆ తరువాత చేనేత మొదలైన వృత్తుల వంతు వచ్చింది. తొలి సంపుటం వెలువడేనాటికి దేశంలో స్కూటర్ల తయారీయే బాల్యదశలో ఉంది. కాబట్టి స్కూటర్ మెకానిక్ భాష అందులో లేకపోవడం లోపం కాదు. ఆ వృత్తి పుట్టి, పెరిగి, ఇప్పుడు రూపం మారిపోతున్న దశలో కూడ దాని పదసంపద పరిశోధకుల దృష్టికి తగినంతగా రాకపోవడమే ఆలోచించవలసిన విషయం. లిఖిత ఆధారాలు దాదాపుగా లేని వృత్తి ఇది. షెడ్డులో చిట్టాపుస్తకం ఉంటే అది బాకీల కోసమే. పని చరిత్ర మిగిలింది మాటల్లోనే.

కొత్త బండి రాని కాలం

ఇటలీలో పియాజియో సంస్థ 1946లో వెస్పాను, ఇన్నోచెంటి సంస్థ 1947లో లాంబ్రెట్టాను తెచ్చాయి. భారతదేశపు స్కూటర్లలో అత్యధికం చాలాకాలం ఈ రెండు వంశాలకు చెందినవే. బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెట్టాలను, బజాజ్ ఆటో 1960 నుంచి పియాజియో లైసెన్సుతో వెస్పాలను ఇక్కడ తయారుచేశాయి. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో రాణా ప్రతాపుని గుర్రం పేరుతో బజాజ్ 'చేతక్' మార్కెట్టులోకి వచ్చింది. ఇన్నోచెంటి యంత్రాలను కొని ప్రభుత్వం లక్నోలో నెలకొల్పిన స్కూటర్స్ ఇండియా సంస్థ 1975 నుంచి 'విజయ్ సూపర్' తయారుచేసింది. తెలుగునేల మీద 'ఆల్విన్ పుష్పక్' లాంబ్రెట్టా వంశంలో వచ్చింది. 1980లలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ పియాజియో సాంకేతికతతో 'వెస్పా పి.ఎల్. 170'ను తెచ్చింది.

ఇన్ని పేర్లున్నా బండి దొరకడమే గగనం. ఉత్పత్తికి లైసెన్సు పరిమితులుండేవి, పంపిణీకి ప్రభుత్వ నియంత్రణ ఉండేది. చేతక్ కోసం డబ్బు కట్టినవారు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఈ నిరీక్షణ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. రాయని సగం వేరే ఉంది. కొత్తది రానప్పుడు ఉన్నది ఆగకూడదు. పదిహేనేళ్ల బండిని ఇంకో పదేళ్లు నడిపించక తప్పని పరిస్థితే మెకానిక్ అనే వృత్తిని చిన్న పట్టణాలలో నిలబెట్టింది. లైసెన్సు రాజ్యం కర్మాగారాలకు సంకెళ్లు వేసిందన్నది నిజమే. అదే రాజ్యం షెడ్డుకు పని కల్పించిందన్నదీ అంతే నిజం.

నేల, దుమ్ము, బోరు

పాపాఘ్ని ఒడ్డున, అది పెన్నలో కలిసే చోటుకు చేరువలో, ముంబై–చెన్నై రైలుమార్గం మీద ఉన్న కమలాపురం అటు కడపకు, ఇటు ఎర్రగుంట్లకు మధ్య ఉంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాతి గనులు, బండలు నునుపుచేసే యూనిట్లు, చిలంకూరు సిమెంటు కర్మాగారం ఉన్నాయి. కమలాపురం మండలంలోనే నల్లలింగాయపల్లె దగ్గర 2009లో మరో సిమెంటు కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, సున్నపురాతి దుమ్ము, వానలేని నెలల్లో పొలాల మట్టిదారులు స్కూటర్ ఇంజనుకు మూడు వేర్వేరు పరీక్షలు పెడతాయి.

చేతక్ ఇంజను రెండు స్ట్రోకులది. బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకు 57 మిల్లీమీటర్లు, మొత్తం 145.45 సి.సి. ఇంజను వెనుకచక్రానికి కుడిపక్కన ఉంటుంది. నీటితో గాని, ఎదురుగాలితో గాని అది చల్లబడదు. మాగ్నెట్ చక్రానికి ఉన్న రెక్కలే గాలిని రేకుతొడుగు గుండా సిలిండరు మీదికి తోస్తాయి. ఆ తొడుగులో, సిలిండరు రెక్కల మధ్య దుమ్మూ నూనే కలిసి గట్టిపడితే వేడి బయటికి పోదు. పిస్టను ఉబ్బి సిలిండరుకు అంటుకుంటుంది. దీనికి షెడ్డుమాట 'పట్టేయడం'. ఎయిర్ ఫిల్టరు దాటిన సన్నని రాతిపొడి పనితీరు వేరు. అది ఒక్కరోజులో ఏమీ చేయదు. నూనెతో కలిసి ఆకురాయిలా సిలిండరు గోడను, రింగులను నెమ్మదిగా అరగదీస్తుంది. కిక్కు తేలికవుతుంది, ఎత్తు ఎక్కలేదు, పిస్టను టకటక కొట్టుకుంటుంది. అప్పుడు మెకానిక్ చెప్పే తీర్పు: 'బోరు పోయింది'.

రాయలసీమలో ఈ వాక్యానికి ఇంకో అర్థం ముందునుంచీ ఉంది. బోరు అంటే మొదట గొట్టపుబావి. బోరు వేయించడం, బోరు పోవడం రైతు ఇంట్లో అప్పుకు, ఆశకు సంబంధించిన మాటలు. 'ఇంజను' కూడ అంతే. కపిల తోలిన బావుల మీదికి ఆయిలింజను వచ్చినప్పుడే ఆ మాట పల్లెలో స్థిరపడింది. స్కూటర్ ఆ తరువాత వచ్చింది. బావి దగ్గర ఆయిలింజను చప్పుడు విని దాని రోగం పోల్చుకోవడం తెలిసిన ప్రాంతానికి ఇంజను కొత్త కాదు, దాన్ని ఎక్కి తిరగడమే కొత్త. వృత్తి చరిత్రలో ఈ కొనసాగింపును విస్మరిస్తే స్కూటర్ మెకానిక్ ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు కనిపిస్తాడు.

బోరు పోయిన బండికి 'ఇంజను దించడం' తప్పదు. వెస్పా వంశపు బండికి ఇది అంత పెద్ద పని కాదు. వైర్లు విప్పి, ఇరుసుబోల్టు, వెనుక షాక్ అబ్జార్బరు బోల్టు తీస్తే ఇంజను మొత్తం కిందికి వస్తుంది. సిలిండరు పోతఇనుముతో చేసినది కాబట్టి దాన్ని లేతు పనివాడి దగ్గర మరికొంత తొలిపించి, ఆ కొలతకు సరిపోయే పెద్ద పిస్టను వేయవచ్చు. ఇలా మెట్టుమెట్టుగా పెంచుతూ పోయి, ఇక గోడలో పదును లేదనుకున్నప్పుడు 'స్లీవు' వేసి మళ్లీ తొలికొలతకు తేవచ్చు. అంటే ఒకే సిలిండరుకు అనేక జన్మలు. ఈ తరువాత వచ్చిన అనేక వాహనాలలో సిలిండరు లోపలి గోడకు గట్టి లోహపుపూత ఉంటుంది. దాన్ని తొలిస్తే పూత పోతుంది. అక్కడ బోరింగుకు తావు లేదు. పాత బండి మన్నికకు కారణం కేవలం 'ఆనాటి సరుకు గట్టిది' అన్న అభిప్రాయం సగమే సరి. అరిగిపోయిన తరువాత మళ్లీ తొలవడానికి వీలిచ్చే లోహం అది కావడం అసలు కారణం.

నూనె సంగతి కూడ ఇక్కడే చెప్పుకోవాలి. రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనె పెట్రోలులోనే కలపాలి. కంపెనీ చెప్పిన పాళ్లు లీటరుకు 20 మిల్లీలీటర్లు. తగ్గితే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకు, సైలెన్సరుకు మసి పడుతుంది. ఎండాకాలంలో భయంకొద్దీ ఒక చుక్క ఎక్కువ పోసే అలవాటు, ఆ అలవాటు తెచ్చిన మసిని వదిలించడానికి సైలెన్సరును నిప్పులో కాల్చి దులపడం ఒకదానివెంట ఒకటి సాగిన ఆచారాలు. గేరుబాక్సు వైపున్న ఆయిల్ సీలు చెడితే మాత్రం నూనె పాళ్లతో పనిలేదు. గేరాయిలు క్రాంకు గదిలోకి పోయి తెల్లటి పొగ వస్తుంది. 'బండి ఆయిలు తాగుతోంది' అనే మాట చెప్పేది దీన్నే.

కరెంటు పని

తొలి బండ్ల విద్యుత్తు ఏర్పాటు చాలా సరళం. ఇంజను తిరిగితే మాగ్నెట్ చక్రం తిరుగుతుంది, లోపలి కాయిళ్లలో కరెంటు పుడుతుంది. ఒక కాయిలు ప్లగ్గుకు, మిగిలినవి దీపానికి, హారనుకు. బ్యాటరీ లేకున్నా బండి కదులుతుంది. నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలో నిర్ణయించేవి 'పాయింట్లు'. రెండు చిన్న లోహపుబిళ్లలు విడిపోయిన క్షణంలో ప్లగ్గు దగ్గర రవ్వ పుడుతుంది. ఆ బిళ్లల మధ్య సందు అర మిల్లీమీటరుకు లోపే. దాన్ని తోసే పీచుమడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, రవ్వ ఆలస్యమవుతుంది, బండి 'మిస్సింగ్' కొడుతుంది. కండెన్సరు చెడితే బిళ్లలు కాలి గుంటలు పడతాయి.

పాయింట్లు గీకడం, గ్యాపు పెట్టడం, టైమింగు కట్టడం అనే మూడు పనులలో షాగిర్దు చదువంతా ఉండేది. పిస్టను ఎక్కడుందో ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి చూడటం, బిళ్లలు ఎప్పుడు విడిపోతున్నాయో మధ్యలో పలుచని కాగితం పెట్టి లాగి తెలుసుకోవడం కొలమానాలు లేని చోట కొలతను సాధించిన పద్ధతులు. ప్లగ్గు విప్పి దాని రంగు చూడటం మరో పరీక్ష. లేత ఇటుకరంగు ఆరోగ్యం, తడినలుపు పెట్రోలో నూనెో ఎక్కువ, సున్నపుతెలుపు గాలి ఎక్కువై వేడెక్కిన గుర్తు. కంపెనీ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఆ పుస్తకంతో నిమిత్తం లేకుండా ఈ జ్ఞానం ఉస్తాదు నోటినుంచి షాగిర్దు చెవికి, అతని వేళ్లకు చేరింది. కడప జిల్లా మోటారు పనిలో ముస్లిం కుటుంబాల పాత్ర పెద్దది. ఉస్తాదు, షాగిర్దు, పానా వంటి మాటలు హిందూ ముస్లిం తేడా లేకుండా షెడ్డు భాషలో స్థిరపడటం ఆ చరిత్రకు ఆనవాలు.

స్టార్టుకాని బండిని పక్కకు వంచి కిక్కు కొట్టడం తెలుగునాట ప్రతి తరగతిలో నవ్వు పుట్టించే దృశ్యమే. దాన్ని మూఢాచారమని తోసిపుచ్చడం తొందరపాటు. పెట్రోలు పంపు లేకుండా టాంకు నుంచి కిందికి దిగే ఏర్పాటు అది. వంచితే అడుగున మిగిలినది కొళాయివైపు చేరుతుంది, కార్బురేటరులో పెట్రోలు పొంగి మిశ్రమం చిక్కబడుతుంది. చల్లని ఇంజనుకు కావలసింది అదే.

దీపం కథ వేరు. 6 వోల్టుల బండిలో దీపపుకాంతి ఇంజను వేగాన్ని బట్టి ఉండేది. వేగంగా పోతే వెలుగు, గుంత చూసి నెమ్మదిస్తే చీకటి. వెలుగు అత్యవసరమైన క్షణంలోనే అది తగ్గిపోవడం ఆ ఏర్పాటులోని వైచిత్రి. వీధిదీపాలు లేని దారుల్లో క్లచ్ నొక్కి ఇంజనును రేజు చేస్తూ గుంత దాటడం అలవాటైంది. దీనికి షెడ్డు చూపిన మార్గం 12 వోల్టులకు మార్చడం. కాయిలు పళ్లెం, రెగ్యులేటరు, బల్బులు, అవసరమైతే వైరింగు కట్ట మార్చాలి. ఫలితం ఊహకు వదిలేయనక్కర లేదు. 25 వాట్ల బల్బుకు 6 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైగా కావాలి, 12 వోల్టుల మీద అందులో సగం చాలు. కరెంటు సగమైతే అదే తీగలో వృథా అయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పాతబడి తుప్పుపట్టిన తీగలు, వదులైన ఎర్తు ఉన్న బండికి ఈ తేడా కంటికి కనిపించేంత పెద్దది.

కాలిపోయిన మాగ్నెట్ కాయిలును కొత్తగా కొనడం ఒక దారి, చుట్టించడం మరో దారి. ఇక్కడ మళ్లీ బావి కనిపిస్తుంది. పల్లెలకు విద్యుత్తు వచ్చి ఆయిలింజను స్థానంలో కరెంటు మోటారు చేరిన తరువాత, వోల్టేజి హెచ్చుతగ్గులకు మోటార్లు కాలిపోవడం, వాటిని చుట్టే 'వైండింగ్' దుకాణాలు వెలవడం రాయలసీమ పట్టణాలన్నిటా జరిగింది. రాగితీగ మందం చేతితో పోల్చి, చుట్లు లెక్కించి, వార్నీషు పూసే ఆ నైపుణ్యమే స్కూటర్ కాయిలుకూ పనికివచ్చింది. షెడ్డులో 'కరెంటు వస్తోందా?' అని అడిగితే అది ప్లగ్గు గురించి. అదే ప్రశ్న ఇంట్లో, పొలంలో రోజంతా వినిపిస్తూనే ఉంటుంది.

నామవాచకం అక్కడిది, క్రియ ఇక్కడిది

పైన వచ్చిన మాటలను ఒకచోట చేర్చి చూస్తే ఒక క్రమం బయటపడుతుంది. భాగాల పేర్లు దాదాపు అన్నీ ఇంగ్లీషువి: బోరు, పాయింటు, జెట్టు, సీలు, ప్లగ్గు, కాయిలు. పనిమనుషుల, పనిముట్ల పేర్లలో ఉర్దూ, హిందూస్తానీ వినిపిస్తాయి. క్రియలు మాత్రం తెలుగువి: పట్టేయడం, తాగడం, కక్కడం, పొంగడం, దించడం, కట్టడం, గీకడం, చుట్టడం. రోగనిర్ణయమంతా ఈ క్రియల్లోనే ఉంది. 'పట్టేయడం' నడుముకు, మెడకు వాడే మాట. కదలిక ఉన్నట్టుండి ఆగి, బలవంతం చేస్తే విరిగే స్థితిని అది చెబుతుంది. కాసేపు వదిలేస్తే తనంతట సడలవచ్చన్న సూచన కూడ అందులో ఉంది. వేడికి పట్టేసిన ఇంజనుకు ఈ రెండూ అక్షరాలా వర్తిస్తాయి. భాగం పేరు కంపెనీ జాబితా నుంచి వచ్చింది, రోగం పేరు దేహానుభవం నుంచి వచ్చింది.

ఈ కారణంగా ఈ వృత్తికి పదకోశం కూర్చేవారు నామవాచకాలను మాత్రమే ఏరితే చేతికి వచ్చేది ఉచ్చారణ మారిన ఇంగ్లీషు జాబితా. 'ఇందులో తెలుగు ఏముంది?' అన్న తీర్పు దాని నుంచే పుడుతుంది. క్రియాపదబంధాలను, అవి ఏ లక్షణానికి వాడుతున్నారో ఆ వివరణతో సహా సేకరించినప్పుడే ఇది జ్ఞానవ్యవస్థగా కనిపిస్తుంది. సేకరణకు గడువు కూడ తక్కువే. పాయింట్లు గీకిన తరం వయసు మళ్లింది.

మరమ్మతు, మార్పు, చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనంలో మార్పులు చేయడాన్ని కట్టడి చేస్తుంది. 2000లో జరిగిన సవరణ దీన్ని బిగించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ నిబంధనను గట్టిగానే వ్యాఖ్యానించింది. భద్రత దృష్ట్యా ఈ కట్టడి అవసరమే. సైలెన్సరు లోపలి గొట్టం కోసి చప్పుడు పెంచడాన్ని, కళ్లు బైర్లు కమ్మే దీపాలు బిగించడాన్ని ఎవరూ సమర్థించరు. చిక్కు వేరేచోట ఉంది. చట్టం ఊహించినట్టు మరమ్మతు ఒకవైపు, మార్పు మరోవైపు విడిగా నిలబడవు. 57 మిల్లీమీటర్ల బోరును అరుగుదల కారణంగా ఒక్క మిల్లీమీటరు పెంచితే ఇంజను 145.45 నుంచి 150.6 సి.సి.కి చేరుతుంది. పత్రంలోని అంకె మారదు. పిస్టన్లను పెద్దకొలతల్లో అమ్మేది విడిభాగాల పరిశ్రమే. దీన్ని ఏ కార్యాలయమూ మార్పుగా పరిగణించలేదు, పరిగణించాల్సిన అవసరమూ లేదు. అయితే గీత ఎక్కడుందో చెప్పమంటే చెప్పడం కష్టం.

ఇంతకంటె లోతైన ఉదాహరణ దివ్యాంగుల బండి. వెనుకచక్రానికి రెండుపక్కల అదనపు చక్రాలు అమర్చి, కాలి బ్రేకును చేతికి తెచ్చిన స్కూటర్లు తెలుగు పట్టణాలన్నిటిలోనూ కనిపిస్తాయి. ఈ పని ఎక్కువగా షెడ్డులోనే జరిగింది. 1988 నాటి చట్టం దివ్యాంగుల వాహనాన్ని నిర్వచిస్తూ, అది అందుకోసమే ప్రత్యేకంగా రూపొందించి నిర్మించినదై ఉండాలని, కేవలం అనువుగా మార్చినది కారాదని చెప్పింది. అంటే కర్మాగారం చేస్తే వాహనం, షెడ్డు చేస్తే కాదు. 2019 సవరణ ఆ నిర్వచనాన్ని తొలగించి, 'అనువుగా మార్చిన వాహనం' అనే కొత్త నిర్వచనాన్ని చేర్చింది. నిబంధనల ప్రకారం మార్పులు చేసిన వాహనమూ ఇప్పుడు అందులోకి వస్తుంది. షెడ్డు దశాబ్దాలుగా చేస్తున్న పనికి చట్టంలో పేరు దొరకడానికి 31 ఏళ్లు పట్టింది.

తెరవని పెట్టె

పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చినప్పుడు బండి యజమానికి అన్నీ లాభాలే. గీకే పని లేదు, సందు మారదు, వానలో ఆగదు. పాత బండ్లకూ సి.డి.ఐ. అమర్చి ఇవ్వడం షెడ్డుకు కొత్త ఆదాయమైంది. కాని ఆ పెట్టె లోపల జిగురుపోసి గట్టిపరిచి ఉంటుంది. విప్పి చూసేది లేదు, మంచిపెట్టె ఒకటి తగిలించి చూసి చెడ్డదాన్ని పారేయడమే. కండెన్సరును, కాయిలును విడివిడిగా పరీక్షించిన చేతికి ఇక్కడ పని లేదు.

తరువాతి మార్పులు వేగంగా వచ్చాయి. 1984లో కైనెటిక్ హోండా మీటతో స్టార్టయ్యే గేరులేని స్కూటర్‌ను తెచ్చింది. 2001లో నాలుగు స్ట్రోకుల యాక్టివా వచ్చింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ రెండు స్ట్రోకుల స్కూటర్ వెనక్కి తగ్గింది. చేతక్ పేరు 2020 జనవరిలో తిరిగివచ్చింది, ఈసారి బ్యాటరీ బండిగా. అదే ఏడాది ఏప్రిల్ నుంచి బి.ఎస్.–6 నిబంధనలతో స్కూటర్లలో కార్బురేటరుకు బదులు ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ సాధారణమైంది. జెట్టు ఊదే పని కూడ పోయింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' గురించి సంఘాన్ని నియమించి, డిసెంబరులో పోర్టల్ ప్రారంభించినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాలలో మోటారు వాహనాలు ఒకటి, వ్యవసాయ పరికరాలు మరొకటి. కంపెనీలు మరమ్మతు సమాచారాన్ని బయటపెట్టాలన్నది దాని ఉద్దేశం. ఆ సమాచారం ఏ భాషలో ఉండాలన్నది మాత్రం చర్చకు రావలసే ఉంది.

ఇంజెక్షన్ బండిలో లోపం వస్తే మీటరులో చిన్న దీపం వెలుగుతుంది. కొన్ని బండ్లలో సీటుకింద కనెక్టరు దగ్గర రెండు తీగలు కలిపితే ఆ దీపం పొడవుగా కొన్నిసార్లు, పొట్టిగా కొన్నిసార్లు మిణుకుతుంది. ఆ మిణుకుల లెక్కను బట్టి చెడిన సెన్సరు ఏదో తెలుస్తుంది. స్కానరు యంత్రం కొనలేని షెడ్డులో ఇప్పుడు కుర్రవాళ్లు ఆ మిణుకులు లెక్కపెట్టడం నేర్చుకుంటున్నారు.